చేప పొలుసు మీంచి దిగి పాకే కణం: మా ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

జూన్ చివర

ఫైనలియర్ ప్రాజెక్టుకి ఈసారి చేప పొలుసు తీసుకున్నాం. జంతుకణం పాకుతుంటే కళ్ళారా చూడాలన్నది పిల్లల పట్టుదల. మామూలుగా అయితే దానికి 37 డిగ్రీల ఇంక్యుబేటరు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ఇన్వర్టెడ్ మైక్రోస్కోపు, వీటన్నిటినీ పోషించే గ్రాంటు ఉండాలి. గోదావరి జిల్లాలోని మా డిగ్రీ కాలేజీలో ఉన్నవల్లా స్టూడెంట్ మైక్రోస్కోపులు, ఒక పాత ఫ్రిజ్, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఫ్యాన్లు. చేప చర్మంలో ఉండే కెరటోసైట్ అనే కణానికి ఇవి సరిపోతాయి. అది గది వేడిలోనే బతుకుతుంది. శుభ్రమైన గాజు దొరికితే పాకుతుంది. పైగా జంతుకణాల్లో బాగా జోరుగా పాకేవాటిలో ఇదొకటి. నిమిషానికి 10 మైక్రోమీటర్లు సునాయాసంగా పోతుంది. మన చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ అదే నిమిషంలో ఒక్క మైక్రోమీటరు కదిలితే గొప్ప.

ఆ తొందర ఎందుకంటే, మంచినీటి చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, చుట్టూ నీళ్ళలో తక్కువ. చర్మం చిట్లిందంటే నీళ్ళు లోపలికి చొరబడతాయి, లవణాలు బయటికి కారిపోతాయి. గాయం మానడం తర్వాత సంగతి, ముందు దాన్ని కప్పెయ్యాలి. పక్కనున్న కెరటోసైట్లు గుంపుగా పాకి ఆ పని చేస్తాయి. ఊడిన పొలుసుని గాజు మీద పెడితే వాటికి అదీ గాయం లాగే తోస్తుంది కాబోలు, గాజు మీదికి దిగుతాయి.

ప్రాజెక్టులో పనులు రెండు. ఒకటి, బతికున్న కణాన్ని పాకుతుండగా చూసి వేగం కొలవడం. రెండు, దాని ముందంచులో ప్రోటీన్ పోగులు ఎలా అమరి ఉంటాయో లెక్కప్రకారం నమూనా కట్టడం. మొదటిది చూస్తే చప్పట్లు కొడతారు గానీ, నా మనసంతా రెండోదాని మీదే. సిలబస్‌లో కండరం గురించి ఎంతో ఉంటుంది. ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని మీద ఒకటి జారడం, 1954 నాటి ఇద్దరు హక్స్‌లీల పేర్లు, సార్కోమియర్ బొమ్మ, అన్నీ పిల్లలు గడగడా చెప్పేస్తారు. "మరి కండరం లేని తెల్ల రక్తకణం ఎలా కదులుతుంది?" అంటే "మిథ్యాపాదాలతో సార్" అంటారు. ఆ మిథ్యాపాదం లోపల ఏముందని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం.

జూలై మొదటి వారం: పొలుసుల వేట

ఐసులో రాత్రంతా ఉన్న శీలావతి పొలుసుల్నుంచి మాకు ఏమీ రాలేదు. బతికున్న చేపే కావాలి. మా మార్కెట్లో తిలాపియాలని తొట్టెల్లో ప్రాణంతో అమ్ముతారు. కూరకని కొని, కోయించి, కత్తితో గీరకముందే పొలుసులు తీసుకుందామని బేరం పెట్టాను.

"పొలుసులేం చేసుకుంటారండీ మేష్టారూ? మందేమన్నానా?" అందావిడ.

"మైక్రోస్కోపులో చూడ్డానికి పిన్నీ."

"చూడ్డానికేనా! అయితే డబ్బులొద్దులెండి, చేపకే ఇయ్యండి."

కత్తితో గీరితే పొలుసు మీది పల్చని చర్మం కాస్తా తుడిచిపెట్టుకు పోతుంది. మనక్కావాల్సింది అదే. అందుకని చిమటాతో పొలుసు వెనకంచు పట్టుకుని, చేప తోకవైపు మెల్లగా లాగాలి. వెలుతురుకి ఎత్తి చూస్తే ఒక చివర జిగటగా, పొగచూరినట్టు మబ్బుగా ఉంటుంది. కణాలుండే భాగం అది. చేప లోపల పాతుకుని ఉన్న చివర గాజులాగా స్వచ్ఛంగా ఉంటుంది, దానితో పని లేదు. తీసిన పొలుసుల్ని చల్లటి సెలైన్‌లో వేసుకుని సైకిల్ మీద కాలేజీకి వచ్చేశాం. చేప మా అటెండరు ఇంటికి వెళ్ళింది.

పెంచే ద్రావణం ఎల్-15. విశాఖలో పరిశోధన చేస్తున్న మా పాత విద్యార్థి ఒకడు గైడుని అడిగి ఒక సీసా పంపాడు. 1963లో లైబోవిట్జ్ తయారుచేసిన ఈ ద్రావణానికి మామూలు గాలి చాలు. బైకార్బొనేట్ బదులు ఫాస్ఫేట్లూ కొన్ని అమైనో ఆమ్లాలూ దాని ఆమ్లత్వాన్ని నిలబెడతాయి కాబట్టి సిలిండరు గొడవ లేదు. మంచినీటి చేపల రక్తంలో ఉప్పు సాధారణంగా మన రక్తంలో కంటే కొంచెం తక్కువ, అందుకని కాసిని డిస్టిల్డ్ వాటర్ కలిపాం. పదో వంతు సీరం, బాక్టీరియా పెరగకుండా కాస్త జెంటామైసిన్.

పొలుసు తేలిపోకుండా ఉండటమే అసలు చిక్కు. ద్రావణం ఎక్కువ పోస్తే పడవలా తిరుగుతుంది, తక్కువ పోస్తే ఎండిపోతుంది. చివరికి కవర్ స్లిప్ మీద పొలుసు పెట్టి, దాని మీద ఇంకో చిన్న కవర్ స్లిప్ బరువుగా ఉంచి, సందులో పట్టేంత ద్రావణమే పోసి, పెట్రీ డిష్‌లో తడి దూదితో మూసేశాం.

మర్నాడు పొద్దున్న

వచ్చాయి! పొలుసు అంచు నుంచి గాజు మీదికి ఒక పల్చటి పొర పరుచుకుంది. కణాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని దుప్పటిలా కదులుతున్నాయి. అది చూసి అమ్మాయిలిద్దరూ క్యాంటీన్ దాకా పరిగెత్తి మిగతావాళ్ళని పిలుచుకొచ్చారు.

ఒంటరి కణం కావాలంటే ఈ పొరని విడగొట్టాలి. కణాల మధ్య పట్టుకి కాల్షియం ఉండి తీరాలి. కాల్షియాన్ని లాగేసే ఈజీటీఏ కలిపిన ఉప్పునీళ్ళలో కొద్ది నిమిషాలు ఉంచి, మళ్ళీ ఎల్-15 పోస్తే, పట్టు వదిలి ఎవరి దారిన వాళ్ళు పోతారు.

మాది నిటారు మైక్రోస్కోపు, కింద నుంచి చూసే వీలు లేదు. స్లైడు మీద వాజలైన్ గీత చుట్టూ గీసి, మధ్యలో ద్రావణపు చుక్క వేసి, కణాలున్న కవర్ స్లిప్‌ని బోర్లా మూశాం. కణాలు కప్పుకి అంటుకుని వేలాడుతూ పాకుతాయి, వాటికేమీ పట్టింపు లేదు. రంగు వేయని కణాన్ని స్పష్టంగా చూపించే ఫేజ్ కాంట్రాస్ట్ ఏర్పాటు మా మైక్రోస్కోపుకి లేదు కాబట్టి కండెన్సర్ కింద నల్ల అట్టముక్కని సగం అడ్డుపెట్టి ఏటవాలు వెలుతురు రప్పించాం. అట్ట లేకుండా చూస్తే కణం మధ్యనున్న ఉబ్బు తప్ప ఏమీ కనిపించదు. అట్టని వెంట్రుకవాసి జరపగానే ఆ ఉబ్బు ముందు ఒక సన్నని వెలుగుగీత వంపు తిరిగి మెరుస్తుంది. ఆ గీతకీ ఉబ్బుకీ మధ్య ఉన్నదే లామెల్లిపోడియం. 1970లో మైఖేల్ అబర్‌క్రాంబీ పెట్టిన పేరు.

కణం మొత్తం చూడ్డానికి తాటాకు విసనకర్రలా ఉంటుంది, వెడల్పాటి అంచు ముందుకి పెట్టుకుని నడుస్తుంది. అడ్డంగా 30 మైక్రోమీటర్లు అటూఇటూ. ముందున్న రేకు, అంటే లామెల్లిపోడియం, 0.1 నుంచి 0.2 మైక్రోమీటర్ల మందం, అంతే. న్యూక్లియస్సూ మిగతా సామానూ వెనక ఉబ్బులో. ఐపీస్‌కి ఫోను బిగించి ఐదు సెకన్లకో ఫోటో తీసి వీడియో చేస్తే, ఆ ఉబ్బు ఊరికే ఈడ్చుకురావట్లేదని తెలిసింది. దొర్లుతోంది! ఉబ్బు లోపలి చుక్క ఒకటి పైకొచ్చి, ముందుకి వాలి, కిందికి మాయమై మళ్ళీ వెనకనుంచి లేచింది. ఇది 1996లోనే పరిశోధకులు కెరటోసైట్‌లో రికార్డు చేసిన విషయం. అయినా మన ఫోనులో మనం చూస్తే ఆ కిక్కే వేరు.

జూలై నడిమి: కొలతలు

స్టేజ్ మైక్రోమీటరుతో ఫోటోల స్కేలు కట్టి, ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కణం ముందంచుని ఫోటో ఫోటోకీ గుర్తుపెట్టాం. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు నిమిషానికి 10 మైక్రోమీటర్లకి అటూఇటూ ఉన్న కణాలు, మధ్యాహ్నం గది ఉడికిపోతున్నప్పుడు బాగా జోరందుకున్నాయి. వేడితో వేగం పెరగడం కెరటోసైట్లకి తెలిసిన లక్షణమే. మైక్రోస్కోపు బల్బు వేడి కూడా కలుస్తుంది కాబట్టి ఈ అంకెల్ని పట్టుకుని గ్రాఫులు గీయొద్దని పిల్లలకి చెప్పాను. అయినా ఒకడు గీశాడు.

జూలై చివర: కొల్చిసిన్

మా ల్యాబ్‌లో కొల్చిసిన్ ఎప్పుడూ ఉంటుంది, ఉల్లి వేరు కొనల్లో కణవిభజన ఆపి క్రోమోజోములు చూపించడానికి. మన అడవుల్లో పూసే అగ్నిశిఖ దుంపలో ఉండే విషం ఇదే. తొడుగులు వేసుకోకుండా ఎవరూ సీసా ముట్టకూడదు. జంతుకణంలో పోగులు మూడు రకాలు: 25 నానోమీటర్ల లావున బోలుగా ఉండే మైక్రోట్యూబ్యూల్స్, 10 నానోమీటర్ల మధ్యరకం పోగులు, 7 నానోమీటర్ల సన్న ఆక్టిన్ పోగులు. కొల్చిసిన్ వీటిలో మొదటిదాన్ని విడగొడుతుంది. మైక్రోట్యూబ్యూల్స్ లేకపోతే కెరటోసైట్ పాకుతుందా అన్నది ప్రశ్న.

పాకింది. ఏమీ ఎరగనట్టు, అదే దిక్కున.

"మందు పనిచెయ్యలేదేమో సార్," అంది మా ఫైనలియర్ అమ్మాయి. పరిశోధనకి కావాల్సిన బుద్ధి అది. అదే సీసాలోంచి తీసిన మందుతో ఉల్లి వేళ్ళకి పక్కన పరీక్ష పెట్టింది. వాటిలో విభజన మెటాఫేజ్ దగ్గర ఆగిపోయింది. మొక్కల్లో డోసు వేరు కాబట్టి ఇది పక్కా సాక్ష్యం కాదు, కానీ సీసాలో ఉన్నది నీళ్ళు కాదని మాత్రం తేలింది. 1984లో ఆయిటెనాయర్, ష్లీవా మైక్రోట్యూబ్యూల్స్ లేకుండానే కెరటోసైట్లు దారి తప్పకుండా పాకుతాయని చూపించారు. మేము చూసింది దానికి సరిపోయింది.

అంటే ఈ నడక బాధ్యతంతా 7 నానోమీటర్ల సన్న పోగుల మీదే. ఆక్టిన్ అంటే కండరం ప్రోటీన్ అనే పుస్తకాలు నేర్పాయి. 1942లో హంగరీలోని సెగెడ్‌లో స్ట్రాబ్ దాన్ని వేరుచేసింది కూడా కండరం నుంచే. ఇక్కడ మాత్రం అదే ప్రోటీన్ వేరే అమరికలో వేరే పని చేస్తోంది.

ఆగస్టు: చీపురుపుల్లల వరండా

నమూనాకి కొబ్బరి ఈనెలు తెచ్చాం. లావు చివర సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. 7 నానోమీటర్ల పోగు 2 మిల్లీమీటర్ల ఈనె అయితే మిగతా కణం ఎంతవుతుంది? బోర్డు మీద లెక్క కట్టించాను. సుమారు 2,85,000 రెట్లు. ఒక మైక్రోమీటరు అంటే 28 సెంటీమీటర్ల పైచిలుకు. 10 మైక్రోమీటర్ల పొడవున్న లామెల్లిపోడియం 2.85 మీటర్లు. కణం వెడల్పు ఎనిమిది మీటర్లు దాటుతుంది. రేకు మందం మాత్రం నాలుగైదు సెంటీమీటర్లే. మా వరండా అంత విశాలమైన పరుపు, మందం చూస్తే చాప మీద చాప వేసినంత. నమూనా అయినా కాకపోయినా, ఈ నిష్పత్తి పిల్లల బుర్రకెక్కితే నాకు చాలు. పుస్తకంలోని మిథ్యాపాదం బొమ్మ బొద్దుగా ఉంటుంది, అసలుది ఇంత పల్చన.

కొలతలోకి ఇంకో అంకె. ముందంచు పొడవునా ఒక్కో మైక్రోమీటరుకి వంద నుంచి రెండొందల పోగుల కొసలు ఆనుకుని ఉంటాయి. ఒక్కో పోగు ముక్క చాలా పొట్టిది, 0.2 మైక్రోమీటర్లనుకుంటే నమూనాలో దాదాపు ఆరు సెంటీమీటర్లు. ఒక్క మైక్రోమీటరు వెడల్పు పట్టీ కట్టాలన్నా ఈనె ముక్కలు వేలల్లో పడతాయి. అంచేత సాంద్రతని పదో వంతుకి తగ్గించి ఒక్క పట్టీయే కట్టాం.

ఇప్పుడు అతుకులు. ఆక్టిన్ పోగులు అడ్డదిడ్డంగా పడి ఉండవు. ఆర్ప్ 2/3 అనే ఏడు ప్రోటీన్ల సముదాయం పాత పోగు పక్కన కూర్చుని కొత్త పోగుని మొలిపిస్తుంది, కొమ్మలా, 70 డిగ్రీల కోణంలో. పోలార్డ్ బృందం దీన్ని మొదట ఒక అమీబాలో 1994లో పట్టుకుంది, 1998లో ముల్లిన్స్, హ్యూజర్, పోలార్డ్ ఆ కోణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కొలిచారు. మరుసటి ఏడు స్విట్కినా, బోరిసీ కెరటోసైట్ ముందంచులోనే ఆ కొమ్మల్ని ఫోటో తీశారు. మేము అట్టముక్కని 70 డిగ్రీలకి కోసి, దాన్ని గేజ్‌గా పెట్టుకుని జిగురుతో అతికించడం మొదలుపెట్టాం.

ఇక్కడ ఒక ప్రశ్న లేచింది, దాంతో వారం గడిచిపోయింది. "కొమ్మ 70 డిగ్రీలు సరే సార్, అసలు మొదటి పుల్లని ఏ దిక్కుకి పెట్టాలి?"

జవాబు చెప్పకుండా ఆట పెట్టాను. వరండాకి అడ్డంగా తాడు కట్టాం, అది కణత్వచం. తాడు వెనక మొదటి వరస పుల్లల్ని కళ్ళు మూసుకుని ఏ దిక్కుకి పడితే ఆ దిక్కుకి అతికించారు. నియమాలు ఇవి. ప్రతి వంతుకీ తాడు ఐదు సెంటీమీటర్లు ముందుకి జరుగుతుంది. తాడుకి దగ్గరగా ఉన్న ప్రతి పుల్లకీ అదే దిక్కులో ఆరు సెంటీమీటర్ల దాకా ముక్క చేర్చవచ్చు, తాడు దాటకూడదు. తాడుని అందుకున్న పుల్ల మాత్రమే 70 డిగ్రీల కొమ్మ వేయగలదు. వెనకబడ్డ కొసకి ఎర్ర గోళ్ళరంగు, ఇక అది పెరగదు. కణంలో ఆ పని చేసేది క్యాపింగ్ ప్రోటీన్. ముందున్న వాటికి కూడా అప్పుడప్పుడూ చావు తప్పదు, బొమ్మా బొరుసా వేసి కొన్నిటికి రంగు పూశాం.

కొద్ది వంతులకే తేడా తెలిసిపోయింది. తాడుకి నిటారుగా, తిన్నగా ముందుకి చూసే పుల్ల మొదట్లో అందరికంటే మొనగాడు. కానీ దాని కొమ్మలు రెండు వైపులా 70 డిగ్రీలకి వాలిపోతాయి. ఆరు సెంటీమీటర్లు పెరిగినా ముందుకి దక్కేది రెండే, తాడుని అందుకోలేవు. బొరుసు పడి తల్లికి రంగు పడిందంటే ఆ వంశం అక్కడితో సరి. అదే 35 డిగ్రీలు కుడికి వాలిన పుల్ల కొమ్మ వేస్తే, ఆ కొమ్మ 35 డిగ్రీలు ఎడమకి వాలుతుంది. రెండూ సమానంగా ముందుకి వస్తాయి, ఆరు సెంటీమీటర్లకి ఐదు దక్కుతుంది. ఎడమ దాని కొమ్మ మళ్ళీ కుడికి. తల్లి పోయినా పిల్ల ఉంటుంది, పిల్ల పోయినా మనవరాలు. సాయంత్రానికి తాడు దగ్గర మిగిలిన పుల్లలన్నీ 35 డిగ్రీల కుడి, 35 డిగ్రీల ఎడమ. ఎవరూ చెప్పకుండానే జాలీ కుదిరింది.

అప్పుడు చెప్పాను, 2001లో మాలీ, బోరిసీ ఇదే వాదన చేశారని. కణంలో పోగుల అమరికని ఎవరూ కూర్చుని అల్లట్లేదు. ముందుకి వెళ్ళే అంచు, 70 డిగ్రీల కొమ్మ, కొసలు మూసే ప్రోటీన్, ఈ మూడూ ఉంటే వెనకబడే దిక్కులు ఏరివేతకి గురై సరైన దిక్కు మిగులుతుంది. ఈ ప్రాజెక్టు అంతటిలో నాకు బాగా నచ్చింది ఈ వరండా సాయంత్రమే. పిల్లలకి మాత్రం గోళ్ళరంగు నచ్చింది.

ఆగస్టు మూడో వారం: తోసేది ఎవరు?

"మరి తాడుని మనం చేత్తో జరిపాం సార్. కణంలో ఎవరు జరుపుతారు?"

పోగు కొసకి కొత్త ఆక్టిన్ ముక్క చేరితే పోగు 2.7 నానోమీటర్లు పెరుగుతుంది. కొస అప్పటికే త్వచానికి ఆనుకుని ఉంటే ముక్క దూరే సందెక్కడిది? 1993లో పెస్కిన్, ఓడెల్, ఆస్టర్ ఒక జవాబు ఇచ్చారు, 1996లో మొగిల్నర్, ఆస్టర్ దాన్ని సాగదీశారు. త్వచం స్థిరంగా ఉండదు, ఉష్ణచలనం వల్ల వణుకుతూ ఉంటుంది. పోగు కూడా వంగి లేస్తూ ఉంటుంది. రెంటి మధ్య రవ్వంత సందు పడ్డ క్షణంలో కొత్త ముక్క దూరిపోతుంది. ఆ తర్వాత త్వచం వెనక్కి రాలేదు.

దీన్ని చూపించడానికి ఒక అమ్మాయి చున్నీని ఫ్యాను కింద ఇద్దరు పట్టుకున్నారు. వెనక టేబుల్ మీద అగ్గిపెట్టెలు వరసగా పేర్చి, చివరి పెట్టె చున్నీకి తగిలేలా ఉంచాం. గుడ్డ అటు ఎగిరినప్పుడల్లా ఇంకో పెట్టె దూర్చాలి, చేత్తో గుడ్డని నెట్టకూడదు. గుడ్డ కాస్త కాస్తగా అవతలికి పోయింది. పట్టుకున్నవాళ్ళు చేతులు బిగబట్టి లాగితే మాత్రం సందు పడటం అరుదైపోయి పని మందగించింది. త్వచం బిగువు నడకకి పగ్గం వేస్తుందన్నది కూడా అలా చేతికి తెలిసింది. కెరటోసైట్ల ఆకారాన్ని ఈ బిగువూ ఆక్టిన్ తోపూ కలిసి తేలుస్తాయని 2008లో కెరెన్ బృందం చూపించింది.

ఇక జోరు లెక్క. నిమిషానికి 10 మైక్రోమీటర్లంటే సెకనుకి 167 నానోమీటర్లు, 2.7తో భాగిస్తే అరవై పైచిలుకు. ప్రతి కొసకీ సెకనుకి అరవైకి పైగా ఆక్టిన్ ముక్కలు చేరాలి. మా నమూనాలో అయితే తాడు నిమిషానికి దాదాపు మూడు మీటర్లు జరగాలి. వారం రోజులు కూర్చుని కట్టిన పట్టీ అంతా ఒక్క నిమిషంలో కట్టెయ్యాలన్నమాట! అంత సరుకు ఎక్కడిది? వెనకనుంచే. పాత పోగుల్ని కోఫిలిన్ అనే ప్రోటీన్ తుంచుతుంది, ఊడిన ముక్కల్ని ప్రొఫిలిన్ అనే ఇంకో ప్రోటీన్ మళ్ళీ ముందుకి వాడుకోదగ్గవిగా చేస్తుంది. వెనకంచు దగ్గర మయోసిన్ కూడా జాలీని పిండి విడగొట్టడంలో చెయ్యి వేస్తుందని 2010లో కెరటోసైట్లలోనే తేలింది. దీనంతటికీ ఖర్చయ్యేది కణం ఇంధనమైన ఏటీపీ.

వరండాలో ఇదీ ఆడి చూశాం. వెనకవైపు ఇద్దరు పుల్లలు ఊడదీయడం, ముందు ఇద్దరు అతికించడం. మధ్యలో ఒక పుల్లకి పసుపు రాసి ఉంచాం. తాడు దాన్ని దాటి ముందుకెళ్ళింది, చివరికి వెనకవాళ్ళు దాన్ని ఊడదీసే దాకా ఆ పుల్ల ఉన్నచోటు నుంచి కదల్లేదు. 1991లో థేరియట్, మిచిసన్ సరిగ్గా ఈ పనే బతికున్న కెరటోసైట్‌లో చేశారు. ఆక్టిన్‌కి వెలుతురు పడితే వెలిగే రంగు తగిలించి, ఒక పట్టీ మీద మాత్రమే వెలుతురు వేశారు. కణం ముందుకి పోతోంది, వెలిగిన పట్టీ గాజు మీద ఉన్నచోటే ఉంది. కణం నడుస్తుంది గానీ పోగు నడవదు. నిన్నటి దాకా పోగులు కణాన్ని మోసుకుపోతాయని రాసుకున్న పిల్లలు రికార్డుల్లో ఆ వాక్యం కొట్టేశారు.

సెప్టెంబరు మొదట్లో: తెగిన ముక్క

ఈజీటీఏలో పొర విడిపోతున్నప్పుడు రెండు కణాలు ఎదురెదురు దిక్కులకి లాక్కున్నాయి. ఒకదాని రేకులో ఓ ముక్క సాగి, దారంలా సన్నబడి తెగింది. ఉబ్బు లేదు, న్యూక్లియస్ లేదు, ఉత్త రేకు. 10 మైక్రోమీటర్లు కూడా ఉండదు. ముందు గుండ్రంగా ముడుచుకుంది. అయిపోయిందనుకుని ఫోను తీసేయబోతుంటే "ఉండండి సార్" అన్నాడు మా అబ్బాయి. ఒక పక్క అంచు లోపలికి నొక్కుకుంది, అవతలి పక్క ఉబ్బి వెడల్పయింది. ఆ తర్వాత అది పాకడం మొదలుపెట్టింది. ఫ్రేము దాటిపోయేదాకా చూస్తూ ఉండిపోయాం.

ఇలాంటి ముక్కల్ని వెర్ఖోవ్‌స్కీ, స్విట్కినా, బోరిసీ 1999లో కావాలని తయారుచేసి చూశారు. గుండ్రంగా ఉండి కదలని ముక్కని ఒక పక్కనుంచి కాస్త తోస్తే ఆకారం మారి పాకుతుంది, తోయడం ఆపినా పాకుతూనే ఉంటుంది. కణానికి మెదడు న్యూక్లియస్ అని చిన్నప్పటి నుంచి చెబుతున్న మాట ఈ విషయంలో చెల్లదు. దిక్కు గుర్తుంచుకునేది ఆ పోగుల అమరికే. ముందు కొమ్మల జాలీ, వెనక మయోసిన్ పట్టు అనే తేడా ఒకసారి ఏర్పడితే అది తనని తాను నిలబెట్టుకుంటుంది.

ఈ వీడియోని డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో వేస్తే, బోటనీ సార్ "ఏదో బుడగ గాలికి కొట్టుకుపోయినట్టుంది" అన్నారు. ఆ అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. పక్కనే తేలుతున్న చెత్త కణాలు అదే సమయంలో ఎటు కదిలాయో ఫిజీలో గుర్తుపెట్టి చూపించాం. అవి ఉన్నచోటే ఊగాయి. ముక్క వాటి మధ్యలోంచి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు నడిమి: తర్వాత పని

కెరటోసైట్లకి చిన్న విద్యుత్ క్షేత్రం పెడితే కాథోడ్ (రుణ ధ్రువం) వైపు తిరుగుతాయని 1986లో కూపర్, ష్లీవా రాశారు. 2013లో ఇంకా చిత్రమైనది బయటపడింది. నిండు కణాలు కాథోడ్ వైపు పోతుంటే, న్యూక్లియస్ లేని ముక్కలు ఎదురు దిక్కున ఆనోడ్ (ధన ధ్రువం) వైపు పోతాయి! ఒకే స్లైడులో రెండూ దొరికితే చూడాలని పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు.

లోహపు తీగలు నేరుగా ద్రావణంలో ముంచితే వాటి దగ్గర పుట్టే రసాయనాలు కణాల్ని చంపుతాయి, అందుకని ఆగార్ నింపిన వంపు గొట్టాల మీదుగా కరెంటు ఇవ్వాలి. ఆగార్ మైక్రోబయాలజీ వాళ్ళు ఇస్తామన్నారు. సన్నటి ఛానల్ కట్టడానికి కవర్ స్లిప్ పట్టీలు కోయాలి, లేకపోతే కరెంటు ఎక్కువై ద్రావణం వేడెక్కుతుంది. ముక్కలు మాత్రం మనం అడిగినప్పుడు తెగవు, వెర్ఖోవ్‌స్కీ బృందం ముక్కలు తయారుచేయడానికి వాడిన స్టారోస్పోరిన్ అనే మందు మా దగ్గర లేదు. దాని కోసం విశాఖ అబ్బాయికి మళ్ళీ మెసేజ్ పెట్టాను. గాజు గొట్టాలు వంచడానికి కెమిస్ట్రీ ల్యాబ్‌లో బర్నర్ శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటుందట, మార్కెట్ ఆవిడకి ఆదివారానికి రెండు తిలాపియాలు చెప్పి ఉంచాం.